వరికి వరికొయ్యే విషమైతే

తొలకరిలో రెండు వానలు పడితే చాలు. సికింద్రాబాద్ నుంచి మౌలాలి వైపు పోయే రైలు పట్టాల పక్కన, తార్నాక వెనక ఇంకా ఇల్లు లేవని ఖాళీ జాగాల్లో, ఉస్మానియా క్యాంపస్ బీళ్లలో ఒకే మొక్క గుంపులు గుంపులుగా పైకి లేస్తుంది. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిట్టి పూలు, తాకితే కొందరికి ఒళ్లంతా దురద. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, ఎక్కువమంది వయ్యారిభామ అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క మన దేశంలో పాతుకున్నట్టు 1950లలో పుణె దగ్గర గుర్తించారు. ఆ తరవాత అది చేరని జిల్లా లేదు. పక్కన మరో మొక్కను ఎదగనివ్వదని దానికి చెడ్డ పేరు. ఆ పేరు న్యాయమైనదే. దాని ఆకుల్లో, కాండంలో పార్థెనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఆకు రాలి, వానకు నాని, ఆ పదార్థం మట్టిలోకి దిగితే చాలా రకాల విత్తనాలు మొలకెత్తడానికి మొరాయిస్తాయి.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అంతగా ప్రచారం కాని సంగతి మరొకటి ఉంది. 1984లో పిక్‌మన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు వయ్యారిభామ విషాన్ని వయ్యారిభామ విత్తనాల మీదే పరీక్షించారు. తల్లి మొక్క వదిలిన పదార్థం పిల్ల మొలకలను కూడా అణచిపెట్టింది. ఎవరినీ వదలని మొక్క తన సంతానాన్నీ వదల్లేదు.

ఇదేదో కలుపు మొక్కల వింత అనుకుంటే పొరపాటు. మనం తినే తిండిగింజల్లోనూ ఈ గుణం ఉంది. వరి గడ్డి మట్టిలో కుళ్లే సమయంలో కొత్త వరి నారుకు ఊపిరాడదు. జొన్న కోసిన చేలో మళ్లీ జొన్న వేస్తే కొన్ని నేలల్లో పైరు గిడసబారుతుంది. ఒక పంట మిగిల్చిన చెత్త అదే పంటకు తరవాతి కాపులో అడ్డుపడటాన్ని శాస్త్రవేత్తలు స్వీయ విషప్రభావం అంటున్నారు. ఏటా రెండు కార్లు వరి తప్ప మరో పంట ఎరగని పొలాలు లక్షల ఎకరాల్లో ఉన్న తెలంగాణలో ఇది ప్రయోగశాలకు పరిమితమైన ముచ్చట కానే కాదు.

ఈ విషయం తొలినాళ్లలో గట్టి రుజువుతో బయటపడింది వయ్యారిభామకు దగ్గరి చుట్టమైన మొక్కలోనే. ఆ మొక్క పేరు గ్వాయులే. ఇదీ పార్థీనియం ప్రజాతిదే. మెక్సికో, టెక్సస్ ఎడారుల్లో పెరిగే పొద. దాని కాండంలో రబ్బరు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు మలయా తదితర రబ్బరు తోటలను పట్టుకోగానే అమెరికాకు టైర్లకు గతిలేకుండా పోయింది. 1942లో అక్కడి ప్రభుత్వం అత్యవసర రబ్బరు పథకం పెట్టి, కాలిఫోర్నియాలో గ్వాయులేను పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టింది. అప్పుడొక తిరకాసు కనిపించింది. మడి అంచుల్లోని మొక్కలు ఏపుగా ఉన్నాయి, నడిమధ్యవి మాత్రం పొట్టిగా ఉండిపోయాయి. ఎక్కువ నీళ్లు పెట్టినా, ఎరువు పెంచినా నడిమధ్య మొక్కల తీరు మారలేదు.

జేమ్స్ బానర్, ఆర్థర్ గాల్‌స్టన్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు కారణం వెతకడానికి దిగారు. గ్వాయులే వేళ్ల గుండా కారిన పోషక ద్రావణాన్ని పట్టి, దాన్ని గ్వాయులే నారుకు పోశారు. నారు కుంగిపోయింది. అదే నీళ్లు టమాటాకు పోస్తే అంత హాని జరగలేదు. ఆ నీళ్లలోంచి వాళ్లు వేరుచేసిన పదార్థం సినమిక్ ఆమ్లం. 1944లో వాళ్ల పరిశోధన అచ్చయింది. గాల్‌స్టన్ తరవాతి రోజుల్లో మరో విషం విషయంలో ప్రపంచానికి పరిచయమయ్యాడు. వియత్నాం అడవుల మీద అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌కు వ్యతిరేకంగా గట్టిగా పోరాడిన శాస్త్రవేత్తల్లో ఆయనొకడు.

కథ అక్కడితో ముగిసి ఉంటే సులువుగా ఉండేది. యుద్ధం ముగిశాక బానర్ మళ్లీ చూస్తే, సినమిక్ ఆమ్లం మామూలు మట్టిలో ఎంతోకాలం నిలవడం లేదని తేలింది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తున్నాయి. విషం ఉన్న మాట నిజం, అది త్వరగా పోతుందన్న మాటా నిజం. ఈ రెండు నిజాల మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందన్నదే అసలు ప్రశ్న. తరవాతి ఎనభై ఏళ్ల పరిశోధన చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మౌలాలి స్టేషన్ దాటి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా కాజీపేట దాకా నవంబరులో రైలెక్కి వెళ్తే ఆ ఎడం ఎంత తక్కువో కిటికీలోంచే కనిపిస్తుంది. వానాకాలం వరి కోత నడుస్తూ ఉంటుంది. హార్వెస్టర్ పోయిన మడిలో మోకాలి కిందివరకు కొయ్యకాళ్లు, వాటి మధ్య వరుసలుగా గడ్డి. పక్క మడిలోనే యాసంగి కోసం నారుమడి తయారవుతూ ఉంటుంది. వెనకటిలా కొడవలితో నేలబారుగా కోసి, మోపులు కట్టి, కళ్లంలో కొట్టి, గడ్డిని వాములు వేసుకునే రోజుల్లో పొలంలో మిగిలేది కొద్దిపాటి మోడు. ఇప్పుడు మెషిన్ కోతలో గడ్డి మొత్తం మడిలోనే ఉండిపోతోంది. పశువులు తగ్గాయి, గడ్డి ఎత్తించే కూలీ పెరిగింది. రైతు సాధారణంగా పట్టేవి రెండే దారులు: అగ్గిపుల్ల గీయడం, లేదా నీళ్లు పెట్టి రోటవేటర్‌తో దమ్ములో కలిపేయడం.

రెండో దారి మంచిదే. దాన్ని తొందరలో చేస్తేనే చిక్కు. దమ్ము చేసి, వారం పది రోజులు తిరగకముందే నాట్లు వేస్తే, డిసెంబరు ఆఖరుకో జనవరిలోనో పైరు తీరు మారుతుంది. నాటిన మొక్క పచ్చబడదు, పిలక తొడగదు. ఆకు పసుపు తిరుగుతుంది. మడిలో అడుగు వేస్తే బుడగలు పొంగి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. మొక్కను పీకి చూస్తే తెల్లగా ఉండవలసిన వేళ్లు నల్లబడి ఉంటాయి. రైతు మొదట విత్తనాన్ని తిడతాడు, తరవాత యూరియా చల్లుతాడు. యూరియాకు కొంత పచ్చబడినట్టు కనిపించినా వేరు కోలుకోదు. వ్యవసాయ అధికారులు దీన్నే సల్ఫైడ్ ఇంజురీ అంటారు.

నిజానికి ఆ బురదలో నడుస్తున్న వ్యవహారం ఒక్కటి కాదు. నీరు నిలిస్తే మట్టిలోకి గాలి పోదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే ఖాళీ చేస్తాయి. ఆ తరవాత ఆక్సిజన్ లేకుండా బతికే జీవుల రాజ్యం. అవి గడ్డిని పూర్తిగా జీర్ణించుకోలేక సగంలో వదిలేస్తాయి. ఆ సగం ముక్కలే ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు. వాటిలో మొదటిది మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే. గడ్డికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ విడిపోయేటప్పుడు పి-కుమారిక్, ఫెరూలిక్, వనిల్లిక్ వంటి ఫినోలిక్ ఆమ్లాలు వెలువడతాయి. మట్టిలోని సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఇనుము సమృద్ధిగా ఉన్న ఎర్రమట్టిలో ఆ సల్ఫైడ్‌ను ఇనుము కట్టిపడేస్తుంది. ఇనుము తక్కువైన చోట అది నేరుగా వేరు మీద పడుతుంది.

వీటన్నిటికీ తోడు ఆకలి. వరి గడ్డిలో ఒక పాలు నత్రజనికి అరవై నుంచి ఎనభై పాళ్ల కర్బనం ఉంటుంది. అంత కర్బనాన్ని కరిగించాలంటే సూక్ష్మజీవులకు తమ ఒంటికి నత్రజని కావాలి. గడ్డిలో చాలినంత దొరకదు కాబట్టి మట్టిలో ఉన్నది లాక్కుంటాయి. పెళ్లింట వడ్డించకముందే వంటవాళ్లే తినేసినట్టు, పైరుకు వేసిన యూరియాలో కొంత ముందు వాటి పాలవుతుంది. అవి చచ్చి కుళ్లాక మళ్లీ ఆ నత్రజని మట్టికి చేరుతుంది, కాని అప్పటికి పిలకల దశ దాటిపోయి ఉంటుంది.

ఇందులో ఎంత వాటా విషానిది, ఎంత వాటా ఆకలిది? దీన్ని వేరుచేసి చూడటానికి గట్టిగా ప్రయత్నించిన దేశం తైవాన్. అక్కడ ఏటా రెండు కార్లు వరి పండుతుంది. రెండో కారు దిగుబడి మొదటిదానికంటే సుమారు 25 శాతం తక్కువగా వచ్చేది. ఎండ, ఎరువు, విత్తనం ఏది సరిచేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. చౌ చాంగ్-హుంగ్ అనే శాస్త్రవేత్త తన సహచరుడు లిన్‌తో కలిసి మట్టిలో వరి గడ్డి కలిపి, తడిగా ఉంచి, కుళ్లబెట్టి, ఆ మట్టి నుంచి తీసిన నీళ్లలో వరి మొలకలను, లెట్యూస్ అనే ఆకుకూర మొలకలను పెంచి చూశాడు. వేళ్లు పొట్టివైపోయాయి. విషం మొదటి నెలలో తారస్థాయిలో ఉంది, ఆ తరవాత తగ్గుతూ వచ్చింది. కుండీల్లో దాని జాడ నాలుగు నెలల దాకా కనిపించింది. కుళ్లుతున్న గడ్డిలో వాళ్లు గుర్తించిన ఫినోలిక్ ఆమ్లాలు ఐదు. 1976లో అచ్చయిన ఆ వ్యాసం నేటికీ వరి విషయంలో తొలి ప్రమాణంగా నిలిచింది.

తైవాన్‌లో రెండో కారు ఎండాకాలపు వేడిలో మొదలవుతుంది. వేడికి గడ్డి వేగంగా కుళ్లుతుంది, విషం ఒక్కసారిగా పొంగి, అంతే వేగంగా పోతుంది. మన యాసంగి చలికాలంలో మొదలవుతుంది. చలిలో సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. గడ్డి విడిపోవడం ఆలస్యమవుతుంది, విడిపోయాక పుట్టిన ఆమ్లాలు ఖర్చయ్యేదీ ఆలస్యమే. నీరు నిలిచిన నేలల రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఫెలిక్స్ పొన్నంపెరుమ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేస్తూ చెప్పింది ఇదే: చల్లటి మట్టిలో సేంద్రియ ఆమ్లాలు ఎక్కువగా పోగుపడి, ఎక్కువ రోజులు నిలుస్తాయి. అందువల్ల తైవాన్ లెక్కలను తెచ్చి నల్లగొండకు అతికించకూడదు. నవంబరు, డిసెంబరుల్లో ఇక్కడి మడికి ఇవ్వవలసిన గడువు మరింత ఎక్కువ.

వరి నుంచి జొన్నకు వస్తే కథ రంగు మారుతుంది.

జొన్న మొక్కకు విషం కొత్త కాదు. వానలు ముఖం చాటేసి బెట్టకు వచ్చిన లేత జొన్నను మేసిన పశువులు నాము తగిలి పడిపోతాయని పల్లెల్లో ఎరగనివారు లేరు. లేత ఆకులోని ధుర్రిన్ అనే పదార్థం పశువు కడుపులో సైనైడ్‌ను విడుదల చేయడం దానికి కారణం. జొన్న వేరు కథ వేరు. 1980లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నెట్జ్‌లీ, బట్లర్ అనే పరిశోధకులు మొలకెత్తిన జొన్న నూగువేళ్ల కొసల్లో బంగారు రంగు నూనె బొట్లు చూశారు. వాటిలో ప్రధాన పదార్థానికి సోర్గోలియోన్ అని పేరు పెట్టారు. అది పక్కనున్న కలుపు మొక్కల కిరణజన్య సంయోగక్రియను నిలిపేస్తుంది. చిన్న గింజల కలుపు మీదే దాని ప్రతాపం ఎక్కువ. జొన్న తరవాతి జొన్నకు హాని చేసేది మాత్రం ఎక్కువగా మోళ్లు, వేళ్లు కుళ్లేటప్పుడు వచ్చే ఫినోలిక్ ఆమ్లాలు. ఈ రెండింటినీ కలిపేసి, జొన్న నేలంతటినీ సోర్గోలియోన్ కాల్చేస్తుందని రాసేవాళ్లు కొందరున్నారు. అది తొందరపాటు.

జొన్న తరవాత వేసిన పంట దెబ్బతినడం గురించి అమెరికాలోని అరిజోనాలో బ్రెజీల్ 1924లోనే రాశాడు. మూడేళ్లకు కాలిఫోర్నియా నుంచి కాన్రాడ్ బదులు చెప్పాడు: జొన్న వేళ్లలో, మోళ్లలో చక్కెర చాలా ఎక్కువ, ఆ చక్కెర తిని సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగిపోతాయి, మట్టిలోని నత్రజనిని అవే మింగేస్తాయి, కాబట్టి ఇది విషం కాదు, ఆకలి. నత్రజని ఎరువు వేస్తే నష్టం చాలావరకు తగ్గిందని చూపించాడు కూడా. వందేళ్లు గడిచినా ఈ వాదన పూర్తిగా తెగలేదు. ఇద్దరూ తమ తమ నేలల్లో నిజమే చెప్పారనిపిస్తుంది.

నేల మారితే ఫలితం ఎంత మారుతుందో పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ చూపించింది. అక్కడి ఇసుక నేలల్లో జొన్న తరవాత జొన్న వేస్తే రెండో పంట బాగా దెబ్బతినేది. బుర్గోస్-లియోన్, డొమ్మెర్గ్ తదితర ఫ్రెంచి పరిశోధకులు 1980లో ప్రచురించిన పరిశీలనల సారం ఇది: మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం తక్కువగా ఉన్న ఇసుక నేలల్లో జొన్న విషం తరవాతి సీజను దాకా నిలుస్తోంది, ఆ ఖనిజం ఎక్కువగా ఉండి, సూక్ష్మజీవులు చురుగ్గా ఉన్న నేలల్లో విషం త్వరగా మాయమవుతోంది. ఆ ఇసుక మట్టిలో ట్రైకోడర్మా విరిడే వంటి శిలీంధ్రాన్ని కలిపినప్పుడు కూడా విషం విరిగింది.

తెలుగు రైతుకు ఈ ఖనిజం పేరు తెలియకపోయినా ఆ నేల తెలుసు. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నల్లరేగడి నేలకు ఆ స్వభావం ఇచ్చేవి మాంట్‌మోరిల్లొనైట్ జాతి ఖనిజాలే. దక్కన్ పీఠభూమి పడమటి భాగంలో లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి శిథిలమై రేగడి అయింది. తూర్పుకు వస్తే రాయి మారుతుంది. మౌలాలి గుట్ట, ఆ చుట్టుపక్కల బండలన్నీ గ్రానైటు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల గోడల్లో గులాబీ ఛాయతో మెరిసేదీ గ్రానైటే. ఈ రాయి విరిగి, అరిగి, ఎర్ర చల్క నేల అవుతుంది. అందులో ఇసుక పాలు ఎక్కువ, ఉబ్బే బంకమట్టి తక్కువ. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ ఆవరణలో ఈ రెండు రకాల నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. మెట్ట పంటల పరిశోధనకు అది గొప్ప వసతి.

సెనెగల్ పాఠాన్ని ఇక్కడి నేలలకు వర్తింపజేస్తే ఒక సంగతి ఊహించవచ్చు. రబీ జొన్న తరతరాలుగా రేగడిలోనే స్థిరపడటానికి తేమ నిలుపుకునే శక్తి మొదటి కారణం, అందులో అనుమానం లేదు. విషాన్ని పీల్చి, విరగ్గొట్టే గుణం కూడా ఆ నేలకు ఉండటం రైతుకు అడక్కుండా దొరికిన లాభం. చల్కలో ఒంటి జొన్న ఏళ్ల తరబడి వేసే రైతు తక్కువ. జొన్నలో కంది సాళ్లు వేయడం, మరుసటి ఏడు ఆముదమో పెసరో వేయడం పాత అలవాటు.

పంట వెనకబడిన ప్రతిసారీ విషాన్నే నిందించడమూ సరికాదు. కంది తరవాత కంది వేస్తే ఎండిపోవడానికి ప్రధాన దోషి ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. అది కంది మోళ్లలోనే ఏళ్ల తరబడి దాక్కుంటుంది. ఎండు తెగులును తట్టుకునే కంది రకాల కోసం పరిశోధకులు కావాలని ఆ శిలీంధ్రంతో నిండిన మడులను ఉంచుకుని, అందులో రకాలను పరీక్షిస్తారు. మరోచోట నులిపురుగులు దోషి కావచ్చు. ఇంకోచోట జింకు లోపం. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో చిక్కు పరీక్షలోనే ఉంది. ఎండుగడ్డిని ముక్కలు చేసి, నీళ్లలో నానబెట్టి, ఆ కషాయాన్ని గాజు పళ్లెంలో గింజల మీద పోస్తే దాదాపు ఏ మొక్క కషాయమైనా ఏదో ఒక గింజను అణచివేస్తుంది. మన విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లో ఏటా ఇలాంటి ప్రాజెక్టులు ఎన్నో వస్తాయి. గాజు పళ్లెంలో మట్టి లేదు, బంకమట్టి లేదు, విషం తినే సూక్ష్మజీవి లేదు. పళ్లెంలో చచ్చిన గింజ పొలంలో హాయిగా మొలవవచ్చు. బ్రిటన్ వృక్షావరణ శాస్త్రవేత్త జాన్ హార్పర్ 1970లలోనే ఈ బలహీనతను ఎత్తిచూపాడు. ఈ రంగంలో జాగ్రత్త ఎంత అవసరమో తరవాతా కనిపించింది. మొక్కల మధ్య రసాయన యుద్ధం మీద 2003లో సైన్స్ పత్రికలో వచ్చి పేరు మోసిన ఒక వ్యాసాన్ని 2010లో ఉపసంహరించుకోవలసి వచ్చింది.

పైగా ఎదురు సాక్ష్యాలూ ఉన్నాయి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే చేలో 1843 నుంచి గోధుమ పండిస్తూనే ఉన్నారు, కొన్ని మడుల్లో గోధుమ తరవాత గోధుమే. ఎరువు, సంరక్షణ ఉన్న మడులు ఇప్పటికీ చక్కగా పండుతున్నాయి. మార్పిడి చేసిన మడులు అంతకంటే మెరుగ్గా పండుతున్నాయి.

వరి విషయంలో మాత్రం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సాక్ష్యం ఆలోచింపజేస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1960లలో మొదలుపెట్టిన ఒక చేలో ఏటా మూడు పంటలు వరి పండిస్తున్నారు. మంచి రకాలు, మంచి ఎరువు, మంచి యాజమాన్యం అన్నీ ఉన్నా 1970, 80లలో దిగుబడి నెమ్మదిగా జారింది. 1990లలో డాన్ ఓల్క్, కెన్నెత్ కాస్‌మన్ బృందం మట్టిని తవ్వి చూస్తే, ఎప్పుడూ నీళ్లలో నానుతూ గాలి సోకని ఆ నేలలో గడ్డి లిగ్నిన్ నుంచి వచ్చిన ఫినోల్ పదార్థాలు పేరుకుపోయి కనిపించాయి. అవి నత్రజనిని తమతో కలిపి కట్టేసుకుని, పైరుకు సమయానికి అందకుండా చేస్తున్నాయన్నది వాళ్లు చెప్పిన కారణం. విషమా, ఆకలా అన్న పాత తగువులో ఇదొక మధ్యస్థ తీర్పు: విషం అనుకున్న పదార్థమే ఆకలిని పుట్టిస్తోంది. నత్రజని మోతాదు, వేసే సమయం మార్చాక దిగుబడి కోలుకుంది. గడ్డిని ముందుగానే, నేల ఆరి ఉన్నప్పుడే కలిపి దున్నితే ఫినోల్ పేరుకోవడం తగ్గుతుందని కూడా ఆ పరిశోధనలు చెప్పాయి.

అసలు ఒక మొక్కకు తన పిల్లలనే చంపుకునే గుణం ఎందుకు వచ్చింది? నీళ్లు కరువైన చోట తల్లి మొదలు దగ్గరే వంద పిల్లలు మొలిస్తే అందరికీ చావే. తల్లి నీడ దాటి దూరంగా పడ్డ గింజే మొలవాలి. గ్వాయులే వంటి ఎడారి పొదకు ఈ లెక్క బాగా సరిపోతుంది. పశుగ్రాసంగా వేసే లూసర్న్‌లో దీన్ని కొలిచి చూశారు. ముదురు లూసర్న్ మొక్క చుట్టూ 20 సెంటీమీటర్ల మేర కొత్త లూసర్న్ విత్తనానికి బాగా ఇబ్బంది అని అమెరికాలోని మిస్సోరి పరిశోధకులు 2002లో తేల్చారు. అందుకే అక్కడ పాత లూసర్న్ చేనును దున్నాక మధ్యలో మరో పంట వేయమంటారు. వరి, జొన్నల విషయంలో ప్రకృతి ఇంత ఆలోచించి ఉండదు. గడ్డిని పురుగుల నుంచి, తెగుళ్ల నుంచి కాపాడటానికి పుట్టిన రసాయనాలు, మనం ఒకే చోట టన్నుల కొద్దీ గడ్డిని పాతిపెట్టి, వారంలో మళ్లీ నాటడంతో ఎదురుతిరిగాయి.

2015లో ఇటలీలోని నేపుల్స్ నుంచి స్టెఫానో మజ్జోలెని బృందం మరో ఆశ్చర్యకరమైన ప్రతిపాదన తెచ్చింది. కుళ్లే ఆకుల్లోంచి మట్టిలోకి చేరే డీఎన్‌ఏ ముక్కలు అదే జాతి మొక్కల వేళ్లను అణచివేస్తాయని, వేరే జాతుల జోలికి పోవని వాళ్ల ప్రయోగాలు సూచించాయి. మొక్క తన జాతి డీఎన్‌ఏను ఎలా గుర్తుపడుతుందన్నది ఇంకా తేలవలసిన విషయం. పొలంలో దీని వాటా ఎంతో తేలేదాకా దీన్ని ఆసక్తికరమైన ఊహగానే ఉంచాలి. డీఎన్‌ఏ పరిశోధనకు దేశంలోనే పేరున్న సీసీఎంబీ తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉంది. వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ రెండూ రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. ఈ ప్రశ్నను యాసంగి మడిలో పరీక్షించడానికి కావలసిన బుర్రలు, పనిముట్లు ఒక్క నగరంలోనే దొరుకుతాయి.

రైతు అంతదాకా ఆగనక్కర్లేదు. విషం పేరు ఏదైనా దాన్ని విరగ్గొట్టేవి మూడు: గాలి, వ్యవధి, సూక్ష్మజీవులు. కోత కాగానే, నేలలో ఇంకా పదును ఉండగానే గడ్డిని చిన్న ముక్కలు చేసి పైపైన కలియదున్ని, రెండు మూడు వారాలు నీళ్లు పెట్టకుండా వదిలేస్తే గడ్డి గాలి తగులుతూ కుళ్లుతుంది. ఆమ్లాలు పుట్టినా నిలవవు. ఆ తరవాత నీళ్లు, దమ్ము, నాటు. దమ్ములో ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే మోళ్లు త్వరగా చివుకుతాయని అధికారులు చెప్తుంటారు. సూపర్‌లో సుమారు 11 శాతం గంధకమూ ఉందని, గాలి సోకని బురదలో అదీ సల్ఫైడ్‌గా మారవచ్చని గుర్తుంచుకోవాలి. ఇప్పటికే కుళ్లు వాసన కొడుతున్న మడికి ముందు కావలసింది ఆరబెట్టడం. నీళ్లు తీసేసి, నేల సన్నగా నెర్రెలు విచ్చేదాకా ఆగి, మళ్లీ పలచగా నీళ్లు పెట్టి అప్పుడు యూరియా వేయాలి. మడి ఆరకముందు చల్లిన యూరియా చాలావరకు దండగ.

యాసంగిలో ఒక్క ఏడైనా వరి మాని, మినుమో పెసరో వేరుశనగో నువ్వో ఆరుతడి పంటగా వేస్తే మడికి గాలి సోకుతుంది. కొనేవాడు, మద్దతు ధర, కోతుల బెడద, అడవి పందుల బెడద అన్నీ చూసుకున్నాకే రైతు ఆ నిర్ణయం తీసుకుంటాడు. దాన్ని అర్థం చేసుకోకుండా పంట మార్చండి అని ఉపన్యాసమిచ్చి లాభం లేదు.

కాల్చడం మాత్రం దండగమారి పని. అగ్గి పెడితే విషం పుట్టే గడ్డి పోతుంది నిజమే. టన్ను వరి గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది. పొటాషియం బూడిదలో మిగిలినా గాలికి, వానకు కొంత కొట్టుకుపోతుంది. విషాన్ని తినవలసిన సూక్ష్మజీవులు పైపొరలో మాడిపోతాయి.

గడ్డి కలిపిన మడి నాటుకు సిద్ధమైందా లేదా అనుమానం వస్తే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ మడిలోంచి ఒక డబ్బా బురద, గడ్డి కలవని గట్టు పక్క నుంచి ఒక డబ్బా మట్టి తెచ్చి, రెండింటిలోనూ ఒకే రకం విత్తనాల మొలకలు ఇరవయ్యేసి నాటి, ఒకే చోట ఒకేలా నీళ్లు పెట్టాలి. పది రోజులకు పీకి వేళ్లు కడిగి పక్కపక్కన పెట్టి చూడాలి. బురద డబ్బాలో వేళ్లు సగం పొడవుకే ఆగి, గోధుమరంగులోనో నల్లగానో ఉంటే ఆ మడికి ఇంకో వారం పది రోజులు గడువివ్వండి. నారు ముదిరిపోతోందని తొందరపడకండి. ఆ రెండు డబ్బాలనూ మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి.